నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసిన అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నాన్నగారి బయాప్సీ రిపోర్టు వచ్చిందనీ, ఇంట్లో అందరూ రేపే ఆపరేషన్ అంటున్నారనీ రాశావు. ముందు ఊపిరి పీల్చుకో. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో మెల్లగా పెరుగుతుంది. ప్రోస్టేట్ గ్రంథి దాటని జబ్బయితే నిర్ణయానికి కొన్ని వారాలు తీసుకున్నా సాధారణంగా నష్టం ఉండదు. దేనికి ఒప్పుకుంటున్నారో తెలియకుండా ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లే తర్వాత ఎక్కువ కుమిలిపోతారు. ఆ కొన్ని వారాలూ నీకు చేతినిండా పని ఉంది.

ఒక ఫైలు తెరువు. మొదటి కాగితం మీద పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) అంకెలు తేదీలవారీగా రాయి. దాని కింద గ్లీసన్ స్కోరు (బయాప్సీలో కణాల తీరు చూసి జబ్బు ఎంత మొండిదో చెప్పే అంకె), జబ్బు దశ రాయి. పీఎస్ఏ క్యాన్సర్ వల్లే పెరగదు. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. అందుకే ఒక్క అంకె చూసి గుండె జారిపోకూడదు. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. మూత్రం ధార కోసం ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఉన్న జబ్బు తక్కువగా కనిపిస్తుంది.

గ్లీసన్ స్కోరును రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసుకో. 3+4 అయినా 4+3 అయినా కలిపితే 7 అవుతుంది. అయితే మొదటి అంకె ఎక్కువ భాగం కణాల తీరును చెబుతుంది కాబట్టి 4+3 కాస్త మొండిది. ఉత్త 7 అని ఫోనులో చెప్పి ఎవరినీ సలహా అడగకు.

గ్లీసన్ 6 వచ్చినవాళ్లలో చాలామందికి వెంటనే వైద్యం అక్కర్లేదు. పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేస్తూ నిఘాలో ఉంచుతారు. దీన్ని గాలికి వదిలేయడం అనుకుని ఇంటివాళ్లు గొడవ పడుతుంటారు, అది తప్పు. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనం 15 ఏళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. గ్రంథి దాటని జబ్బు ఉన్నవాళ్లలో నిఘాలో ఉన్నా, ఆపరేషన్ చేయించుకున్నా, రేడియేషన్ తీసుకున్నా ఈ క్యాన్సర్‌తో పోయినవారు 100కి సుమారు ముగ్గురే. జబ్బు పాకడం మాత్రం నిఘా వర్గంలో సుమారు రెట్టింపు. అందుకే నిఘాకు ఒప్పుకుంటే ఒక్క పరీక్ష కూడా తప్పకూడదు.

వైద్యం కావాలన్నారంటే ఆపరేషన్ చేసే యూరాలజిస్టునూ, రేడియేషన్ డాక్టరునూ ఇద్దరినీ కలవండి. ఎవరి వైద్యం మీద వారికి నమ్మకం ఎక్కువ ఉండటం సహజం. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడుగు: మా నాన్నగారి వయసుకు, ఉన్న బీపీ, షుగర్లకు ఇది సరిపడుతుందా? మూత్రం ఆపుకోవడం ఎలా ఉంటుంది? దాంపత్యం సంగతి ఏమిటి? ఏడాదికి ఇలాంటివి మీరు ఎన్ని చేస్తారు? జవాబులు అక్కడే రాసుకో. మాట్లాడాల్సింది నాన్నగారు, నువ్వు కాదు. జబ్బు పేరు ఆయనకు దాచి వెనక నిర్ణయాలు చేయకండి. ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు ఇంట్లో ఎవరి మాటా నమ్మరు.

ఆపరేషన్ అయితే వారం నుంచి రెండు వారాలు మూత్రపు గొట్టం ఉంటుంది. సంచీ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందుగా వేలాడాలి, నేలకు తగలకూడదు. సగం పైగా నిండగానే ఖాళీ చేయండి. గొట్టం మడతపడిందేమో పడుకునే ముందు చూడండి. మూత్రం కాస్త ఎర్రగా ఉండటం మామూలే. రక్తపు గడ్డలు వచ్చినా, సంచీలోకి చుక్క రాక పొత్తికడుపు బిగిసినా ఆపరేషన్ చేసిన చోటికే వెంటనే వెళ్లండి. గొట్టం జారిపోతే దగ్గర్లో ఎవరినో పిలిచి మళ్లీ వేయించకండి. లోపల కుట్లు పచ్చిగా ఉంటాయి, అవి తెగితే పెద్ద చిక్కు. ముక్కాల్సిన అవసరం రాకుండా విరేచనం సాఫీగా అయ్యేలా చూడండి. డాక్టరు చెప్పకుండా ఎనిమా వద్దు.

గొట్టం తీశాక మూత్రం చుక్కలు పడతాయి. దగ్గినా, కుర్చీలోంచి లేచినా పడతాయి. మగవాళ్లు మనసులో కుంగిపోయేది ఇక్కడే. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. దీనికి కటి కండరాల వ్యాయామం ఉంది, ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మొదలుపెట్టాలి. గ్యాసు బయటకు పోకుండా ఆపుతున్నట్టు కండరాన్ని లోపలికి, పైకి లాగాలి. అద్దం ముందు నిలబడి చేస్తే అంగం మొదలు కాస్త లోపలికి పోయి, వృషణాలు పైకి లేవడం కనిపిస్తుంది. అలా కనిపిస్తే సరిగా చేస్తున్నట్టే. 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు పూర్తిగా వదలాలి. మెల్లగా 10 సెకన్లకు పెంచాలి. ఒక్కో విడతకు 10 సార్లు, రోజుకు 3 విడతలు. ఊపిరి బిగబట్టడం, పొట్ట, పిరుదులు బిగించడం ఎక్కువమంది చేసే తప్పులు. అలా చేస్తే పొట్టలోని ఒత్తిడి కిందికి నెట్టి చుక్కలు ఇంకా పడతాయి. గొట్టం ఉన్నన్నాళ్లూ చేయకూడదు. తీశాక లేచే ముందు, దగ్గే ముందు ఒకసారి బిగించడం అలవాటు కావాలి. బట్టలు తడుస్తాయని నీళ్లు తాగడం మానేస్తారు. అప్పుడు మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, ఆ అలవాటు మాన్పించు.

దాంపత్యం గురించి నువ్వు అడగలేవు, ఆయన చెప్పలేరు. అమ్మగారినీ ఆయన్నీ డాక్టరు దగ్గర కాసేపు ఒంటరిగా వదిలెయ్యి. అంగస్తంభన నరాలు గ్రంథికి అంటుకునే ఉంటాయి. ఆపరేషన్‌లో వాటిని కాపాడినా కోలుకోవడానికి రెండేళ్ల వరకు పట్టవచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు. వీర్యం ఇక రాదు. ఇవి ముందే తెలిస్తే తట్టుకోవడం వేరుగా ఉంటుంది. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు గుండెకు వాడే నైట్రేట్ మందులతో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఎవరో ఇచ్చారని వేసుకోనివ్వకు.

రేడియేషన్‌కు సాధారణంగా పేగు ఖాళీగా, మూత్రం నిండుగా ఉంచుకుని రమ్మంటారు. రోజూ ఒకే పద్ధతి పాటిస్తే కిరణాలు సరైన చోట పడతాయి. ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ 6 నుంచి 8 వారాల్లో దాదాపు సున్నాకు రావాలి. రేడియేషన్ తర్వాత ఏడాది, రెండేళ్లలో మెల్లగా దిగుతుంది, కొందరిలో మధ్యలో కాస్త పెరిగి తగ్గుతుంది కూడా. ఆ రెంటినీ ఒకే గీటుతో కొలవకు.

మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు మొదలైతే ఇంట్లో అందరికీ ముందే చెప్పు. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడి కమ్ముతుంది, చిన్నమాటకే కళ్లు చెమరుస్తాయి, కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. బద్ధకం అని ఎత్తిపొడవకండి, మగ హార్మోన్ లేని ఒంటి తీరు అది. రోజూ నడక, వారానికి రెండు మూడు సార్లు బరువులతో వ్యాయామం ఇక్కడ మందుతో సమానం. ఇంజెక్షన్ తేదీ దాటనివ్వకు. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ రాస్తే మొదటి డోసుకు ముందే పళ్ల డాక్టరుకు చూపించండి. తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానక బాధపెట్టే అవకాశం ఉంది.

తెల్లారే దాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. జబ్బు ఎముకలకు పాకినవారిలో కొత్తగా నడుంనొప్పి మొదలై కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నలిగిపోతోందేమో చూడాలి. గంటలు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి రావడం కష్టమవుతుంది. బయాప్సీ తర్వాత జ్వరం, కీమో సమయంలో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా అంతే, ఇంట్లో జ్వరం మాత్ర వేసి చూడవద్దు.

ఇక నీ సంగతి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే మగవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు. బీఆర్‌సీఏ2 జన్యులోపం ఉంటే అది ఆడపిల్లలకూ సంక్రమించవచ్చు, వాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. అందువల్ల జన్యుపరీక్ష అవసరమా అని నాన్నగారి డాక్టరును అడుగు. నువ్వూ, నీ అన్నదమ్ములూ 40, 45 ఏళ్ల మధ్య పీఎస్ఏ గురించి డాక్టరుతో మాట్లాడండి. అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.