8,000 డాలర్లలో పాత ప్రియస్ కొనొచ్చా? బ్యాటరీ కంటే ముందు చూడాల్సినవి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నామని, ఆఫీసుకు రానూపోనూ రోజుకు 45 మైళ్లని, చేతిలో 8,000 డాలర్లు ఉన్నాయని రాశారు. పెట్రోలు ఇంజిన్, బ్యాటరీ రెండిటితో నడిచే టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ కొందామంటే "బ్యాటరీ పోతే కారు ధరంతా దానికే పోస్తావు" అని అందరూ భయపెడుతున్నారని అడిగారు.

కొనొచ్చు. అయితే భయపడాల్సింది బ్యాటరీ గురించి కాదు. ఈ ధరలో దొరికేవి ఎక్కువగా 2010 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం ప్రియస్‌లు. వాటిలో జేబుకు చిల్లు పెట్టేది మొదట ఇంజిన్ హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు), తర్వాత బ్రేక్ యాక్చుయేటర్ (బ్రేకులకు ఒత్తిడి ఇచ్చే పంపు యూనిట్). బ్యాటరీ ఆ రెండిటి తర్వాతే. పైగా ముందే పరీక్ష చేసి చూసుకోవడానికి అన్నిటికంటే వీలైనది కూడా బ్యాటరీయే.

ముందు లెక్క చూద్దాం. మీ తిరుగుడు ఏడాదికి రమారమి 12,000 మైళ్లు. గ్యాలన్‌కు 50 మైళ్లిచ్చే ప్రియస్‌కు 240 గ్యాలన్లు పడతాయి. 30 మైళ్లిచ్చే మామూలు కొరోలాకు 400. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే ఏడాదికి మిగిలేది 480 డాలర్లు. హెడ్ గాస్కెట్ ఒక్కసారి పోతే 2,000 నుంచి 4,000 డాలర్లు, అంటే నాలుగు నుంచి ఎనిమిదేళ్ల ఆదా ఒక్క రిపేరులో పోతుంది. అందుకే పాత హైబ్రిడ్ విషయంలో ఏ మోడల్ అన్నదాని కన్నా ఆ ఒక్క కారు ఎలా ఉంది అన్నదే ముఖ్యం. రోజుకు పది, పదిహేను మైళ్లే తిరిగేవాళ్లు అడిగితే హైబ్రిడ్ జోలికి వెళ్లకుండా మంచి కొరోలా తీసుకోమనే చెప్తాను. 45 మైళ్లంటే హైబ్రిడ్ కిట్టుబాటవుతుంది.

ఇక ఏ సంవత్సరం మోడల్ అన్న సంగతి. 2004–2009 రెండో తరంలో 1.5 లీటర్ల ఇంజిన్ గట్టిది, ఈజీఆర్ (పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు, కింద చెప్తాను) గొడవ లేదు. కానీ బండి వయసు ఇప్పుడు పదిహేనేళ్లు దాటింది. డాష్‌బోర్డు మీటర్ ఆరిపోవడం, ఇంజిన్ నూనె తాగడం, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దొంగతనాలు మామూలు. రోజూ ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లకు నేను చెప్పను. మూడో తరం తీసుకుంటే 2014, 2015 మోడళ్లు వెతకండి. ముందు సంవత్సరాల్లో నూనె తాగే ఫిర్యాదులు ఎక్కువ. 2016లో మొదలైన నాలుగో తరంలో ఈజీఆర్ ఏర్పాటును మార్చారు. 90,000 మైళ్ల 2011 ప్రియస్, 150,000 మైళ్ల 2016 ప్రియస్ పక్కపక్కన ఉంటే నేను రెండోదానికే ఓటేస్తాను. మీ బడ్జెట్ కాస్త దాటినా సరే. ఓడోమీటర్ అంకె చూసి మొదటిదానివైపు మొగ్గేవాళ్లే ఎక్కువ.

ఆ ఈజీఆర్ ఏమిటో తెలిస్తే ఏం చూడాలో మీకే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు అది. చల్లబరిచే కూలర్ లోపలి సన్నటి సందుల్లో మసి పేరుకుంటుంది. ఆ తర్వాత ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కు పోయే చిన్న రంధ్రాలూ పూడుకుంటాయి, అదీ ఒకేలా కాదు. పొగ తక్కువ అందిన సిలిండర్ ఎక్కువ వేడెక్కుతుంది. అలా కొన్నేళ్లు నడిచాక హెడ్ గాస్కెట్ అక్కడ లొంగిపోతుంది. రాత్రంతా కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, చుక్కలు చుక్కలుగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ దడదడ వణికి, కాసేపటికి మామూలైపోతుంది. వేడెక్కిన బండిలో ఈ గుర్తేదీ కనపడదు.

అందుకే అమ్మేవాళ్లతో ముందే చెప్పండి: కారు రాత్రి నుంచి కదలకుండా ఉండాలి, పొద్దున్నే వస్తానని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష వృథా, ఇంకో రోజు రండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి కూలెంట్ ట్యాంకులు చూడండి. ఇంజిన్‌కు ఒకటి, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కు ఇంకొకటి, రెండిట్లోనూ గులాబీ రంగు ద్రవం గీతల మధ్య ఉండాలి. ఇంజిన్ ట్యాంకు తగ్గి ఉండి బయట ఎక్కడా కారిన మరక లేకపోతే అది లోపలికే పోతోందని అనుమానించాలి. డిప్‌స్టిక్ (నూనె కొలిచే కడ్డీ) తీసి నూనె ఎంతుందో చూడండి. అడుగుకు ఉంటే బండి నూనె తాగుతోంది, అమ్మేవాళ్లు పట్టించుకోవడం లేదు. ఆ తర్వాత బ్రేకు తొక్కి పవర్ బటన్ నొక్కండి. ఇంజిన్ అందుకోగానే మొదటి అర నిమిషం చెవులు అటే ఉంచండి. వణుకు, టకటక శబ్దం, వెనక నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, వీటిలో ఏది ఉన్నా దండం పెట్టి వచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

అనుమానం తీరకపోతే బ్లాక్ టెస్టర్ అని ఉంటుంది. అందులోని నీలం ద్రవం కూలెంట్ ట్యాంకు మీది గాలి తగిలి పసుపు రంగుకు మారితే గాస్కెట్ పోయినట్టే. అయితే లీకు చిన్నదైతే అది పట్టుకోలేదు. హైబ్రిడ్ తెలిసిన మెకానిక్ స్పార్క్ ప్లగ్ తీసి చిన్న కెమెరాతో సిలిండర్ లోపల చూస్తే ఇంకా నమ్మకం. పిస్టన్ పైభాగం మూడిట్లో మసితో నల్లగా, ఒక్కదాంట్లో కడిగినట్టు శుభ్రంగా ఉంటే కూలెంట్ దిగుతున్నది అక్కడే. కొనేముందు పరీక్షకు వందా నూటయాభై డాలర్లు అడుగుతారు, ఇవ్వండి. ఈజీఆర్ కూలర్, మానిఫోల్డ్ శుభ్రం చేయించిన బిల్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటే అలాంటి కారుకు ఐదొందలు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

బ్రేక్ యాక్చుయేటర్‌ను చెవితోనే పట్టుకోవచ్చు. కారు రెడీలో పెట్టి (డాష్‌బోర్డు మీద "రెడీ" లైటు వెలిగేలా ఆన్ చేసి), ఏసీ, రేడియో ఆపేసి, బ్రేకు తొక్కకుండా రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. ముందు నుంచి బుయ్‌మని పంపు శబ్దం మాటిమాటికీ వస్తుంటే, అంటే అర నిమిషానికోసారి వచ్చినా సరే, లోపల ఒత్తిడి నిలవడం లేదని అర్థం. కారు కంప్యూటర్ చూపించే లోపం నంబర్లను కోడ్లంటారు, సీ1391 కోడ్ వచ్చేది దీనికే. దీని రిపేరూ రెండు వేల డాలర్ల పైమాటే. ఏబీఎస్ లైటు, బ్రేకు లైటు, స్కిడ్ లైటు మూడూ కలిసి వెలిగే కారును "సెన్సరే సార్, చిన్న పని" అంటారు. నమ్మొద్దు.

ఇప్పుడు బ్యాటరీ. మూడో తరంలో సీటు వెనక నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు 28 ఉంటాయి, మొత్తం 201.6 వోల్టులు. రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాకుగా లెక్కేసి కారు 14 బ్లాకుల వోల్టేజిని విడివిడిగా చూస్తుంది. ఆ అంకెలు మీరూ చూడొచ్చు. కారు కంప్యూటర్‌కు తగిలించే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి, ఫోనులో డాక్టర్ ప్రియస్ లాంటి యాప్ ఒకటి ఉంటే చాలు. హైవే ర్యాంపు మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వెంటనే బ్రేకు వేసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ బ్లాకుకూ తక్కువ బ్లాకుకూ తేడా ఎంతుందో పక్కనున్నవాళ్లను చూడమనండి. 0.3 వోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 1 వోల్టు దగ్గరకు వస్తే ఏదో మాడ్యూల్ నీరసించింది, బ్యాటరీ మార్చమనే పీ0ఏ80 కోడ్ దారిలో ఉంది.

యాప్ లేకున్నా ఇంకో పరీక్ష ఉంది. ఎండలో పార్క్‌లో పెట్టి, రెడీలో ఉంచి, ఏసీ ఫుల్‌గా తిప్పండి. ఇంజిన్ ఆగాక మళ్లీ ఎంతసేపటికి లేస్తుందో గడియారం చూడండి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మూడు నాలుగు నిమిషాలైనా ఆపుతుంది. నిమిషానికోసారి ఇంజిన్ లేచి పడుతుంటే, స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు గబగబా నిండి గబగబా దిగుతుంటే శక్తి పట్టి ఉంచడం తగ్గిపోయింది. అయినా కారు మిగతా అన్నిట్లో బాగుంటే వదులుకోనక్కర్లేదు, ధరలోంచి బ్యాటరీ డబ్బు కోసేయండి. కంపెనీ కొత్త బ్యాటరీ బిగింపుతో రమారమి రెండున్నర నుంచి నాలుగు వేల డాలర్లు, వేశాక ఏళ్ల తరబడి చూడనక్కర్లేదు. చవగ్గా వస్తుందని పాత మాడ్యూళ్లు ఏరి కూర్చిన రీకండిషన్డ్ బ్యాటరీ మాత్రం వద్దు. చిరిగిన గుడ్డకు ఒకచోట కుట్టేస్తే పక్కన చిరిగినట్టు, ఒక మాడ్యూల్ మారిస్తే ఇంకొకటి పోతుంది. అమ్మేవాళ్లు "కొత్త బ్యాటరీ వేయించాం" అంటే బిల్లు అడగండి. అది కంపెనీదా, కూర్చినదా అన్నది అందులోనే తేలుతుంది.

ఓబీడీ రీడర్ చేతిలో ఉండగానే ఇంకోటి చూడండి. కారు తనను తాను చేసుకునే పరీక్షలు, అంటే రెడీనెస్ మానిటర్లు, పూర్తయ్యాయా, లేదా? చాలావరకు "నాట్ రెడీ" అని చూపిస్తే మీరు రావడానికి ముందే కోడ్లు చెరిపేశారన్నమాట. లైటు వెలగని కారంటే బాగున్న కారు కావాలని లేదు.

ఒక్కోసారి దీనికి ఎదురు కూడా జరుగుతుంది. డిక్కీలో కుడివైపు మూల 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే సంబంధం లేని లైట్లన్నీ వెలిగి కారు రెడీలోకే రాదు. ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాలి, 12.2కు దిగితే మార్చాల్సిందే. రెండు వందల డాలర్ల పని. దీన్ని చూసి "హైబ్రిడ్ పోయింది" అనుకుని చవగ్గా అమ్మేసేవాళ్లూ ఉంటారు.

ఇంజిన్ లేవగానే ట్రాక్టర్‌లా మోత వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోయారు. మార్చామని చెప్తే ఏ రకం వేశారో చూడండి, నాసిరకంవి కొన్నాళ్లకే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే పీ0420 కోడ్ తెస్తాయి. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. చెక్ ఇంజిన్ లైటుతో అక్కడ గట్టెక్కలేరు. డబ్బు తగ్గుతుందని, ఎదుటివాళ్ల నష్టానికే పనికొచ్చే లయబిలిటీ ఇన్సూరెన్సు ఒక్కటే తీసుకుంటే కన్వర్టర్ పోయినప్పుడు ఒక్క డాలరూ రాదు, దానికి దొంగతనాన్నీ కవర్ చేసే కాంప్రిహెన్సివ్ ఉండాలి. అపార్ట్‌మెంట్ బయట పార్కింగ్ అయితే కింద షీల్డు కూడా బిగించుకోండి.

మిగతా కార్ల సంగతి క్లుప్తంగా. లెక్సస్ సీటీ200హెచ్, ప్రియస్ వీ రెండిట్లోనూ అదే 1.8 ఇంజిన్, అదే ఈజీఆర్ తలనొప్పి, కాబట్టి అవే పరీక్షలు. ప్రియస్ సీ చిన్నది, ఒక్కరికి చాలు, హైవే మీద మోత ఎక్కువ. కుటుంబం ఉంటే 2012 తర్వాతి క్యామ్రీ హైబ్రిడ్ మంచిది, గ్యాలన్‌కు 40 మైళ్ల దాకా ఇస్తుంది, బ్రేకు పంపు మాత్రం అదే పద్ధతిలో వినండి. 2006–2011 సివిక్ హైబ్రిడ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు, దాని బ్యాటరీలు తొందరగా పోయినవే.

కొన్నాక మొదటి నెల చేయించాల్సినవి: ఈజీఆర్ శుభ్రం చేసిన రుజువు లేకపోతే వెంటనే ఆ పని. నూనె 0డబ్ల్యూ-20, ఫిల్టరుతో 4.4 క్వార్టులు. కారుతో వచ్చే పుస్తకం 10,000 మైళ్లన్నా 5,000కే మార్చండి. ట్రాన్సాక్సిల్‌లో (గేర్‌బాక్సులో) టొయోటా డబ్ల్యూఎస్ ద్రవం, నాలుగు క్వార్టులు కొంటే సరిపోతుంది. వెనక సీటు పక్కనున్న జాలీ నుంచి బ్యాటరీ ఫ్యాన్ క్యాబిన్ గాలినే పీల్చుకుంటుంది. దాన్ని విప్పి దుమ్ము, వెంట్రుకలు తీయించండి, సామాను అడ్డం పెట్టకండి. డాలస్ ఎండల్లో ఆ బ్యాటరీకి మీ ఏసీయే చల్లదనం, గ్యాస్ ఆదా కోసం ఏసీ ఆపి నడపడం దానికి చేటు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టే అలవాటు ఉంటే మానండి, న్యూట్రల్‌లో బ్యాటరీ చార్జ్ అవ్వదు.

కాగితాల దగ్గర తొందరపడకండి. మన గ్రూపుల్లో ఇండియాకు వెళ్లిపోతూ అమ్మే కార్లు మంచివే వస్తాయి, కానీ తెలిసినవాళ్లు కదా అని విన్ నంబరు (ఒక్కో కారుకు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) తనిఖీ మానేయకూడదు. రీకాల్స్ (లోపాన్ని కంపెనీయే ఉచితంగా బాగుచేసేవి) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో ఉచితంగా కనిపిస్తాయి. 2010–2014 ప్రియస్‌లకు ఇన్వర్టర్ రీకాల్ ఉంది, చేయించారో లేదో చూడండి. కారు వరద నీళ్లలో మునిగిందని టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉంటే ఎంత తక్కువైనా వద్దు, నారింజ రంగు హై వోల్టేజి కనెక్టర్లలో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. టైటిల్ మీద పేరు, అమ్మే మనిషి ఐడీ మీద పేరు ఒకటే అయ్యుండాలి. లోను ఉంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, లీన్ రిలీజ్, చేతికి రావాలి. టైటిల్ మార్పిడి దరఖాస్తు 130-యూ ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, వీలైతే ఇద్దరూ కలిసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లండి, 30 రోజుల గడువుంది. పన్ను 6.25 శాతం. ధర మరీ తక్కువగా రాస్తే లాభం లేదు, ఆ కారుకు ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం మీదైనా పన్ను వేస్తారు. కాబట్టి 8,000 మొత్తం కారుకే పెట్టకుండా 6,500 దగ్గర బేరం తెగేలా చూసుకుని, మిగతాది పన్నుకూ మొదటి నెల పనులకూ పక్కన పెట్టుకోండి.