ఎస్24 బాకీ తీరకముందే ఎస్25 ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. ప్రైవేటు ఉద్యోగం. పదిహేను నెలల కిందట 24 నెలల ఈఎంఐ మీద శాంసంగ్ గెలాక్సీ ఎస్24 ఫోన్ తీసుకున్నాను. ఇంకా తొమ్మిది వాయిదాలు ఉన్నాయి. దాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి ఎస్25 కొనాలనుకుంటున్నాను. నా దగ్గర నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది. అందులో సగం పెట్టి పాత బాకీ తీర్చేస్తాను. కొత్త ఫోన్ మళ్లీ క్రెడిట్ కార్డు మీద, 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు. వాయిదా నా జీతంలో పదో వంతు కూడా ఉండదు. ఎమర్జెన్సీ వస్తే కార్డు ఎలాగూ ఉంది. ఇంతకీ కొత్త మోడల్ నిజంగా అంత మెరుగ్గా ఉంటుందా?

జవాబు: ఉండదు. ఒకవేళ ఉన్నా, ఈ పద్ధతిలో కొనొద్దు.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. ఎస్24కీ ఎస్25కీ అదే 6.2 అంగుళాల స్క్రీన్, అదే 120 హెర్ట్జ్, అదే 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ, అదే 25 వాట్ల ఛార్జింగ్. వెనక ఉన్న మూడు కెమెరాలు రెండింట్లోనూ 50, 12, 10 మెగాపిక్సెళ్లే. మారింది ప్రాసెసర్, 8 జీబీ బదులు 12 జీబీ ర్యామ్, ఓ ఐదు గ్రాముల బరువు. గంటల తరబడి పెద్ద గేములు ఆడేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. వాట్సాప్, ఫొటోలు, బ్యాంకు యాప్‌ల వరకైతే పక్కపక్కన పెట్టి చూసినా పట్టుకోవడం కష్టం.

ఇది ఒక్క శాంసంగ్ కథే కాదు. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో ఉన్నది ఏ15 చిప్. 2022లో వచ్చిన ఐఫోన్ 14లో ఉన్నదీ ఏ15 చిప్పే, గ్రాఫిక్స్ కోర్ ఒకటి పెరిగిందంతే. ఆ మరుసటి ఏడు ఐఫోన్ 15కి 48 మెగాపిక్సెళ్ల కెమెరా, టైప్-సి పోర్టు వచ్చాయి. ఇలా ఒక ఏడు పెద్ద మార్పు ఉంటుంది, ఒక ఏడు అంకె మాత్రమే మారుతుంది. కాబట్టి కొత్తదానిలో ఏముంది అని కాకుండా, చేతిలో ఉన్నది ఇంకెన్నాళ్లు పనికొస్తుంది అని చూసుకోవాలి. మీ ఎస్24కి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామని 2024లోనే కంపెనీ మాటిచ్చింది. అంటే 2031 దాకా. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఐదారేళ్ల ఫోన్ అయితే నేనే మార్చమనేవాణ్ణి. ఛార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ ఒక్కటి మార్పించండి, చాలు.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఎస్25 కాదు, 'అందులో సగం పెట్టి' అన్న మాట. ఈ ప్రశ్న ఎంచుకున్నదీ అందుకే. నెలన్నర ఖర్చుల డబ్బంటేనే అత్యవసర నిధిలో నాలుగో వంతు, ఎందుకంటే నేను ఎవరికి చెప్పినా ఆరు నెలలే చెబుతాను. దాంట్లో సగం తీసేస్తే మీ చేతిలో మిగిలేది మూడు వారాల బతుకు. ఉద్యోగం పోయిందనుకోండి, మూడు వారాల్లో ఇంటర్వ్యూ పిలుపులు కూడా పూర్తిగా రావు. జీతం ఒక నెల ఆలస్యమైనా, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరినా ఇంతే. ఈఎంఐ మాత్రం ఠంచనుగా అదే తేదీకి వస్తుంది.

కార్డు ఉంది కదా అన్నారు. ఆ కార్డు మీదే ఫోన్ కొంటున్నారు కదా! ఈఎంఐ పెట్టగానే ఫోన్ ధర మొత్తం మీ కార్డు లిమిట్‌లో బ్లాక్ అవుతుంది. వాయిదాలు కట్టేకొద్దీ అది కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. ఆపద వచ్చిన రోజు లిమిట్ చూసుకుంటే సగమే కనిపిస్తుంది. సరే, ఆ సగం వాడారు, నెలాఖరుకు కట్టలేకపోయారు, బిల్లులో కనీస మొత్తం (మినిమమ్) కట్టి ఊరుకున్నారు. అక్కణ్ణుంచి పడే వడ్డీ ముందు ఇంటి రుణం వడ్డీ ఏపాటి? అప్పును అత్యవసర నిధి అనుకోవడం కంటే ప్రమాదకరమైన అలవాటు నాకు తెలియదు. ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొస్తోంది, అయినా చెబుతూనే ఉన్నాను.

జీతంలో పదో వంతు కూడా ఉండదన్నారు. వాయిదా ఎంత చిన్నదైతే అంత ఎక్కువ కాలం మెడకు ఉంటుంది. పైగా పూర్తిగా మీది కాని ఫోన్‌ను కొన్న ధరలో కొంతకే వదిలేసి, ఆ నష్టం మీద మరో రెండేళ్ల అప్పు ఎత్తుకుంటున్నారు. నో కాస్ట్ అన్నదాంట్లో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ ఎంత పోతోందో అడిగి చూడండి.

మిగిలిన తొమ్మిది వాయిదాలు మామూలుగా కట్టేయండి. ముందే తీర్చడానికి దాచిన డబ్బు ముట్టుకోవద్దు. పదో నెల నుంచి అదే మొత్తం, అదే తేదీకి, రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి. ఇప్పటికే అలవాటైన కోత కాబట్టి కొత్తగా కష్టమనిపించదు. బోనస్ వస్తే అదీ అందులోకే. ఆరు నెలల ఖర్చులు పోగయ్యాక ఫోన్ కోసం విడిగా దాచుకుని, డబ్బు చేతిలో పెట్టుకుని ఏ మోడల్ నచ్చితే అది కొనుక్కోండి, నేనేమీ అనను. అంతదాకా ఆగలేనంటే రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే పాత ఫోన్ చూడండి, అదీ అప్పు లేకుండా.

ఇంకొకటి. ఇంత వివరంగా రాశారు గానీ ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట లేదు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన పాలసీ ఉంటే ఈ వారంలోనే కాపీ తెప్పించుకుని, అందులో ఎవరెవరి పేర్లున్నాయో, ఉద్యోగం మానేసిన రోజు నుంచి అది పనిచేస్తుందో లేదో చూసుకోండి.