క్లెయిమ్ సొమ్మును నమ్ముకుని మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయకండి

ప్రశ్న: మాది తిరుపతిలోని ఎం.ఆర్.పల్లి. కింద మిద్దె ఇల్లు, పైన సిమెంటు రేకులు వేసిన రెండు గదుల పోర్షన్ ఉన్నాయి. పైభాగాన్ని విద్యార్థులకు నెలకు 9,000 రూపాయల అద్దెకు ఇచ్చాము. మొన్నటి గాలివానకు 58 రేకుల్లో 22 ఎగిరిపోయాయి, సోలార్ హీటర్ పడి పగిలింది, అక్కడ ఉంచిన మా పాత ఫ్రిజ్ తడిసి చెడిపోయింది. గృహరుణం తీరిపోయాక కూడా భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీని కొనసాగిస్తున్నాము. రేకుల పని చేసే కాంట్రాక్టరు ఒకరు వచ్చి, మొత్తం కప్పు తీసేసి రంగు షీట్లు వేస్తానని, ఎస్టిమేట్ 4,60,000 రూపాయలని, బీమా క్లెయిమ్ అంతా తానే చూసుకుంటానని, సగం అడ్వాన్సు ఇచ్చి కాగితాల మీద సంతకాలు పెడితే చాలని అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వడగళ్ల వానతో నష్టం జరిగినప్పుడు అక్కడి రూఫింగ్ కాంట్రాక్టరే అన్నీ చూసుకున్నారట. వేరే మేస్త్రీ పాడైన మేరకు బాగుచేయడానికి, హీటర్‌తో కలిపి 1,60,000 రూపాయలు అవుతుందన్నారు. నా భర్త పింఛను 38,000 రూపాయలు, ఇంటి ఖర్చు 30,000. సేవింగ్స్ ఖాతాలో 60,000, అమ్మాయి పెళ్లి కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 5 లక్షలు ఉన్నాయి. డిపాజిట్‌ను ముట్టుకోవడం ఇష్టం లేదు. రెండు నెలల్లో క్లెయిమ్ వస్తుంది కాబట్టి తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మీ ఉత్తరాన్ని ఈ వారం ఎంచుకోవడానికి కారణం కూడా ఆ చివరి వాక్యమే. ఇంటికి పాలసీ ఉన్నవాళ్లు మన ఊళ్లో తక్కువ, ఉన్న ఆ కొద్దిమందిలో చాలామంది చేసే పొరపాటు ఇది: ఇంకా మంజూరు కాని క్లెయిమ్ సొమ్మును చేతిలో ఉన్న డబ్బుగా లెక్కవేసుకుని, దాని మీద అప్పు చేయడం. రుణం తీరాక కూడా పాలసీని వదలకుండా కొనసాగించినందుకు మిమ్మల్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే ఆ పాలసీ పత్రంలో నష్టపరిహారం ఎలా చెల్లిస్తారో చెప్పే భాగాన్ని ఒకసారి తీసి చదవండి. భవనానికి జరిగిన నష్టాన్ని మీరు ముందు ఖర్చుపెట్టి బాగుచేయించుకోవాలి, ఆ ఖర్చును సంస్థ తర్వాత మీకు తిరిగి ఇస్తుంది. అంటే గాలివాన వచ్చిన రోజుకూ బీమా సొమ్ము వచ్చే రోజుకూ మధ్య ఉన్న కాలాన్ని దాటించవలసింది మీ దగ్గరున్న డబ్బే. బీమా, అత్యవసర నిధి రెండూ ఉండి తీరాలని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేస్తే, ఆ ఖాళీలోకి వడ్డీ వ్యాపారి వచ్చి కూర్చుంటాడు.

లెక్క చూడండి. నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000, ఏడాదికి 36 శాతం. మీ ఇంటి ఖర్చు పోగా పింఛనులో మిగిలేది 8,000. పై పోర్షన్ అద్దె కూడా ఇప్పుడు ఆగిపోయింది. మొదటి నెల వడ్డీకే మీరు మళ్లీ 4,000 వెతుక్కోవాలి. క్లెయిమ్ రెండు నెలల్లో వస్తుందన్న మాట బీమా సంస్థ ఇచ్చినది కాదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి కాలనీలు నీట మునిగిన తర్వాత నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇలాగే మూడు లక్షలు ఇదే వడ్డీకి తెచ్చి ఇల్లు బాగుచేయించుకుంది. బిల్లులు సరిగా లేక క్లెయిమ్ తేలడానికి ఐదు నెలలు పట్టింది. ఈలోగా వాళ్లు కట్టిన వడ్డీ 45,000 రూపాయలు. ఆ వడ్డీని ఏ పాలసీ తిరిగి ఇవ్వదు. ఆ ఇంటి ఇల్లాలు నా ఎదుట కూర్చుని, వడ్డీ చెల్లింపులు రాసుకున్న చిన్న చీటీల కట్టను బల్ల మీద పెట్టిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక కాంట్రాక్టరు విషయం. రేకుల పని తెలిసినవారి సాయం క్లెయిమ్‌కు నిజంగా అవసరం, దానిని నేను తక్కువ చేయడం లేదు. పాత లీకేజీకి, అరుగుదలకు, తుప్పుకు పాలసీ వర్తించదు. గాలి వల్ల జరిగిన నష్టానికే వర్తిస్తుంది. ఆ తేడాను కంటితో చూసి చెప్పగలిగేది కప్పు ఎక్కి దిగే మనిషే. బోల్టు చుట్టూ రేకు కొత్తగా చీలి ఉంటే గాలి లాగిందని అర్థం, హుక్కే తుప్పుపట్టి విరిగి ఉంటే, నష్టాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థ పంపే సర్వేయరు ప్రశ్న వేస్తారు. కాబట్టి ఎగిరిన రేకులెన్ని, పగిలినవెన్ని, ఇనుప పైపులు ఎక్కడ వంగాయి, ఒక్కో రేకు కొలత ఎంత, విడివిడిగా ధర ఎంత అన్నది కాంట్రాక్టరు చేత తేదీ, సంతకంతో రాయించుకోండి. పైనుంచి ఫోటోలు తీయించండి. సర్వేయరు వచ్చిన రోజున కాంట్రాక్టరును అక్కడ ఉండమని అడగండి. అంతవరకే కాంట్రాక్టరు పని. క్లెయిమ్ ఫారం మీద సంతకం మీది, బీమా సంస్థతో మాట్లాడవలసింది మీరు లేదా పాలసీ ఇప్పించిన ఏజెంటు లేదా లైసెన్సు ఉన్న బ్రోకరు, సొమ్ము జమ కావలసింది మీ ఖాతాలో. ఖాళీ ఫారం మీద గానీ, సొమ్ము తన ఖాతాకు మళ్లించే అధికార పత్రం మీద గానీ ఎంత తెలిసినవారు అడిగినా సంతకం పెట్టకండి.

మీ అబ్బాయి ఉదాహరణను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో రూఫింగ్ కాంట్రాక్టరు నష్టాన్ని చూపించవచ్చు, ధరల పట్టిక ఇవ్వవచ్చు, బీమా సంస్థ మనిషి వచ్చినప్పుడు పక్కన నిలబడి వివరించవచ్చు. కానీ తాను పని చేయబోయే ఇంటి క్లెయిమ్ గురించి యజమాని తరఫున బీమా సంస్థతో బేరమాడడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అక్కడ గాలి, వడగళ్ల నష్టంలో యజమాని తన చేతి నుంచి భరించవలసిన భాగం సాధారణంగా ఇంటి బీమా విలువలో 1 లేదా 2 శాతం ఉంటుంది. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే 8,000 డాలర్లు. ఆ భాగాన్ని కాంట్రాక్టరు మాఫీ చేయడం, బిల్లు పెంచి సర్దడం నేరమని 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో మీ అబ్బాయిని అడగండి. పొదుపు నుంచి తెచ్చానంటే, మీరు నేర్చుకోవలసింది ఆ పొదుపు గురించే.

ఎస్టిమేట్ సంగతికి వస్తే, 1,60,000కూ 4,60,000కూ మధ్య ఉన్న మూడు లక్షల తేడాను బీమా సంస్థ చెల్లించదు. నష్టానికి ముందు ఆ భాగం ఏ స్థితిలో ఉందో దాదాపు ఆ స్థితికి తీసుకురావడానికి అయ్యే ఖర్చే క్లెయిమ్‌లో వస్తుంది. సిమెంటు రేకుల కప్పును మొత్తంగా పీకి రంగు షీట్లు వేయడం మీ ఇంటికి మెరుగుదల, అది మీ సొంత ఖర్చు. చెక్కుచెదరని 36 రేకులను కూడా పాడైనట్లు చూపిస్తే ఏమవుతుందో చెప్తాను. సర్వేయరు నిచ్చెన ఎక్కుతారు, టేపుతో కొలుస్తారు, పక్కింటి పెరట్లో పడిన ముక్కలను కూడా లెక్కపెడతారు. లెక్కలో అబద్ధం తేలితే పెంచిన మొత్తంతో పాటు న్యాయంగా రావలసిన మొత్తాన్ని కూడా నిరాకరించే హక్కు పాలసీ షరతుల ప్రకారం సంస్థకు ఉంటుంది. అప్పుడు కాంట్రాక్టరు అడ్వాన్సు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు, సంతకం మాత్రం మీదిగా మిగులుతుంది.

కాబట్టి మీకు కావలసినది నాలుగు లక్షలు కాదు, 1,60,000. సేవింగ్స్‌లోని 60,000లో 50,000 వాడండి, పదివేలు చేతి ఖర్చుకు ఉంచండి. మిగిలిన 1,10,000కు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రద్దు చేయకుండా, దాని మీదే బ్యాంకులో రుణం తీసుకోండి. డిపాజిట్ వడ్డీ కంటే సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ వసూలు చేస్తారు. తొమ్మిది శాతం అనుకున్నా నెలకు 825 రూపాయలు, అదే మొత్తానికి మూడు రూపాయల వడ్డీ అయితే 3,300. అమ్మాయి పెళ్లి డబ్బును ముట్టుకోవడం ఇష్టం లేదన్నారు, ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ ఆ డబ్బును ముట్టుకోకుండా నెలకు 12,000 వడ్డీ కట్టడం వల్ల ఆ పెళ్లికే నష్టం. బ్యాంకులో బంగారం తాకట్టు, అబ్బాయి దగ్గర చేబదులు కూడా దారులే. క్రెడిట్ కార్డు, ఫోను యాప్‌ల రుణాలు మాత్రం వద్దు.

క్లెయిమ్‌లో మీరు వదిలేసేలా ఉన్నవి రెండున్నాయి. మొదటిది అద్దె. గదులు నివాసయోగ్యంగా లేనంత కాలం కోల్పోయిన అద్దెకు ఈ పాలసీలో రక్షణ ఉంది. గదులు ఉండడానికి వీలుగా లేవని ఆర్కిటెక్టు లేదా స్థానిక అధికారి ఇచ్చిన పత్రాన్ని, అద్దె ఒప్పందాన్ని జతచేయండి. రెండోది ఫ్రిజ్. భవనం బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామాన్లకు కూడా రక్షణ ఈ పాలసీలో దానంతటదే ఉంటుంది. విద్యార్థుల సొంత సామాన్లు మాత్రం మీ క్లెయిమ్‌లోకి రావు, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. మీరు బీమా సంస్థకు ఇంకా సమాచారం ఇవ్వకపోతే ఈరోజే ఫోను చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. నష్టాన్ని గమనించిన 30 రోజుల్లోగా ఫారం చేరాలి. వాన మళ్లీ లోపల పడకుండా టార్పాలిన్ కప్పించి రసీదు దాచండి, కానీ సర్వేయరు చూసేదాకా విరిగిన రేకులను, హీటర్‌ను పాతసామాన్ల వాళ్లకు అమ్మకండి. సంస్థ ఇచ్చిన తీర్పు అన్యాయమనిపిస్తే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాయండి, అక్కడ నెలలో తేలకపోతే బీమా వివాదాలను తేల్చే అధికారి అయిన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

కొత్త రేకులు వేయించేటప్పుడు మేస్త్రీకి పని మొదలయ్యే రోజున సరుకు మేరకు, పూర్తయ్యాక మిగతాది ఇచ్చే పద్ధతి పెట్టుకోండి, జీఎస్టీ బిల్లు అడగండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు మన జిల్లాను ఎంత తడిపాయో మీరు చూశారు. ఆలోగా కప్పు సిద్ధం కావాలి. క్లెయిమ్ సొమ్ము రాగానే ముందు డిపాజిట్ మీది రుణం తీర్చండి, సేవింగ్స్‌లో తీసిన 50,000 తిరిగి వేయండి. పై పోర్షన్ అద్దె మళ్లీ మొదలయ్యాక, ఆ 9,000ను ఇంటి ఖర్చులో కలపకుండా వేరే ఖాతాలో జమచేయండి. ఉన్న 60,000కు పదమూడు నెలల అద్దె కలిస్తే 1,77,000 అవుతుంది. అది మీ ఇంటి ఆరు నెలల ఖర్చుకు దాదాపు సరిపోతుంది. ఆ ఖాతా పాస్‌బుక్కును పాలసీ పత్రంతో కలిపి ఒకే కవరులో పెట్టి, అది ఎక్కడుందో మీ భర్తకు కూడా చూపించండి.