వలస పాఠం ఆ పిల్లలతో మొదలుపెట్టకండి

ఒడిశా కూలీల పిల్లలు మీ ఎనిమిదో తరగతిలో ఉన్నారు, వలసల పాఠం వాళ్ళ చేత చెప్పిస్తూ మొదలుపెట్టనా అని అడిగారు. వద్దండి.

విశాఖలో సోషల్ చెప్పడం మొదలుపెట్టిన రెండో ఏడు నేను అదే చేశాను. అపార్ట్‌మెంటు కడుతున్న చోట రేకుల షెడ్డులో ఉండే పాపని లేపి, "ఊరొదిలి ఎందుకొచ్చారమ్మా?" అన్నాను, ప్రేమగానే. పాప చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడిపోయింది. వెనక బెంచీలో ఎవడో నవ్వాడు. తర్వాత నాలుగు రోజులు బడికి రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ నాన్న చేసిన అప్పు. నలభై మంది ముందు చెప్పుకునే మాటా అది? ఇప్పటికీ ఆ చున్నీ కొస నా కళ్ళముందే ఉంటుంది.

మరుసటి ఏడు నుంచి మనవాళ్ళ వలసతోనే మొదలుపెడుతున్నాను. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని కదిపితే 'రంగం వెళ్ళారు' అనే మాట వినిపిస్తుంది. రంగం అంటే బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్. ఓడెక్కి వెళ్ళి అక్కడి రేవులో మూటలు మోశారు. 1930లో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ చోట బర్మా వాళ్ళని పెట్టుకున్నారు, సమ్మె తేలగానే ఆ బర్మా వాళ్ళని పొమ్మన్నారు. గొడవలు అక్కడే రాజుకుని మనవాళ్ళు ఎందరో చనిపోయారు. తప్పెవరిది అని అడిగితే పీరియడ్ అంతా వాదించుకుంటారు. ఒకసారి ఓ అబ్బాయి, "మా నాన్న కూడా ఒడిశా వాళ్ళొచ్చి పని పోయిందంటాడు టీచర్" అన్నాడు. అప్పుడు తొందరపడి నీతులు చెప్పకండి. మాట్లాడనివ్వండి.

1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళ దారి మ్యాపు మీద దారంతో చూపిస్తాను. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు తీసేసుకుని, 50, 100 క్యాట్ నోట్లు చెల్లవనేసరికి మరెందరో వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం వైపు, అలా తిరిగొచ్చినవాళ్ళు ఉండే బర్మా క్యాంపు ఉంది కదా, అక్కడి నుంచి ఒక మామ్మగారిని పిలిచాను. "మింగలాబా" అనడం నేర్పారు. అక్కడ బళ్ళో పిల్లలు టీచరుని పలకరించే మాట అది. మా పిల్లలు వారం రోజులు నన్ను అలాగే పలకరించారు!

ఆ తర్వాతే అందరికీ ఒకే పని ఇస్తాను: మీ ఇంట్లో వేరే ఊరి నుంచి వచ్చిన వస్తువు ఒకటి చూపించండి, ఇష్టమైతేనే. ఎందుకొచ్చారని మాత్రం అడగను.

పోయిన ఏడాది ఎప్పుడూ నోరు విప్పని ఒక ఒడిశా అబ్బాయి సంచిలోంచి ధాన్యం కొలిచే మాణ తీశాడు. "మా మానికే!" అన్నారు పిల్లలు. మార్గశిర గురువారాల్లో అందులో వడ్లు పోసి అమ్మ లక్ష్మీపూజ చేస్తుందన్నాడు. "మా అమ్మ కూడా ఆ గురువారాలే కనకమహాలక్ష్మి గుడికెళ్తుంది" అంది ముందు బెంచీ అమ్మాయి. ఇక వాడు బెల్లు కొట్టినా ఆపలేదు.