పాపకి పాలు తగ్గించి, నోటుకి వడ్డీ కడుతున్నారు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 26 ఏళ్లు. భీమవరంలో బీఈడీ చేస్తున్నాను, మొదటి ఏడాది అయింది. పాపకి మూడున్నరేళ్లు, అత్తయ్యగారు చూసుకుంటారు. మా ఆయన రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) రిపేరు చేస్తారు. నెలకి 17,000 వస్తాయి. ఫీజుకీ, పాప హాస్పిటల్ ఖర్చుకీ కలిపి 60,000 ప్రామిసరీ నోటు రాసి తెచ్చాం, రెండు రూపాయల వడ్డీ. కాలేజీ బస్సుకి 1,500, పక్కింటావిడ దగ్గర 20,000 చీటీకి 1,000 పోతాయి, అది ఇంకా 12 నెలలుంది. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ పోయినేడు 11,000 అయింది. పాపకి రోజూ అర లీటరు పాలు పోయించుకునేదాన్ని, ఇప్పుడు పావు లీటరు చేశాను. అయినా నెలాఖరుకి చేబదులు తప్పట్లేదు. చదువు ఆపేసి రొయ్యల ప్లాంటులో చేరిపోనా? పాప పేరున సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో నెలకి 1,000 వేద్దామనీ ఉంది.

జవాబు: అమ్మా, ముందు పాల సంగతి. పావు లీటరు తగ్గిస్తే నెలకి మీకు మిగిలేది 500 పైచిలుకు. అదే నెలలో నోటు మీద వడ్డీ 1,200 కడుతున్నారు. ‘రెండు రూపాయలు’ అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ, ఏడాదికి లెక్కేస్తే నూటికి 24. ఏడాది తిరిగేసరికి 14,400 వెళ్లిపోతాయి, అసలు 60,000 ఎక్కడిదక్కడే ఉంటుంది. పాలు మళ్లీ అర లీటరు పోయించుకోండి. పాపని ఊళ్లో అంగన్‌వాడీలో కూడా వేయండి. ఆ వయసు పిల్లలకి అక్కడ భోజనం, గుడ్డు పెడతారు, అత్తయ్యగారికీ ఓ పూట నడుం వాల్చే వీలుంటుంది.

ఇంట్లో బంగారం ఎంతుందో మీరు రాయలేదు. రెండు కాసుల గాజులున్నా చాలు, ఇప్పటి ధరకి బ్యాంకులో 60,000 అప్పు తేలిగ్గా పుడుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ల వాళ్లం మనం. అప్పు తీర్చడానికి గాజులు కుదువ పెట్టాలంటే మాత్రం పరువు అడ్డొస్తుంది! బ్యాంకులో ఏడాదికి 9 శాతం చొప్పున దొరికిందనుకుందాం, 60,000కి నెల వడ్డీ 450. నోటు మీద కట్టేదానికంటే 750 తక్కువ. ఆ 750 చీరకో, ఫోనుకో పోకుండా ప్రతి నెలా అసలులో జమ చేయాలి. అప్పు తీసుకునేటప్పుడే, మధ్యమధ్యలో అసలు కట్టుకోవచ్చా అని అడగండి. గడువు సాధారణంగా ఏడాదే ఉంటుంది, ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. ఆలోగా అప్పు తీరకపోతే తిరగరాయించుకోవాలి, ఊరికే గడువు దాటిపోతే గాజులు వేలానికి వెళ్లొచ్చు. వీధి చివర ఫైనాన్సు కొట్లో పెడితే మళ్లీ రూపాయిన్నరో రెండో అంటారు, అటు పోకండి.

బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకి టిక్కెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. వీరవాసరం మీదుగా భీమవరం వెళ్లే బస్సులో పొద్దున్నపూట నిలబడాల్సి రావచ్చు, ఓ అరగంట ముందు బయల్దేరాల్సీ రావచ్చు. పరీక్షల నెలలో కష్టమనిపిస్తే ఆ ఒక్క నెలకి కాలేజీ బస్సు కట్టుకోండి. మిగతా నెలల్లో ఆ 1,500 కూడా అప్పులోకే. అంటే 450, 750, 1,500 కలిపి నెలకి 2,700. అలా కడితే రెండేళ్ల చిల్లరలో గాజులు ఇంటికొస్తాయి.

చీటీ 20,000ది, ఇంకా 12 నెలలుందని రాశారు. పాట 1,600 లోపు తగ్గేట్టుంటే ఎత్తేసి, వచ్చిన 18,400 బ్యాంకు అప్పులో వేసేయండి. ఆ డబ్బు మీద 12 నెలలకి తప్పే వడ్డీ సుమారు 1,650, కాబట్టి నష్టం లేదు. పాట అంతకు మించి తగ్గితే పాడకండి. ఒకవేళ బంగారం లేక నోటు అలాగే ఉంటే లెక్క మారిపోతుంది. రెండు రూపాయల వడ్డీ మీద 12 నెలలకి 4,300 దాకా తప్పుతుంది గనక, పాటలో 2,000 పోయినా మీకు లాభమే. పక్కింటావిడ మంచిదే కావచ్చు, కానీ ఆ చీటీ రిజిస్టరైంది కాదు. ఇది అయ్యాక ఇంకోటి వేయకండి.

చదివింపుల దగ్గర మాత్రం నాకు కాస్త కోపం వచ్చింది. చదివింపులకి 11,000 పెట్టి, చదువు ఆపేస్తానంటున్నారు! మా అమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన లాంగు నోటుబుక్కు ఉండేది. ఎవరు ఎప్పుడు ఎంత చదివించారో అందులో రాసేది. కొత్త శుభలేఖ రాగానే ముందు ఆ పుస్తకం తీసేది. మీ పెళ్లి నాటి పుస్తకం ఇంట్లో ఉండే ఉంటుంది, తీయండి. మీకు చదివించినవాళ్లకి అంతే తిరిగి చదివించండి, ఒక్క రూపాయి పెంచొద్దు. ఆ పుస్తకంలో లేనివాళ్లకి 200 చాలు. మీరు ఒక పూట ముందెళ్లి పనిలో చెయ్యి వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

చదువు ఆపొద్దు. బీఈడీ రెండేళ్లలో సగం అయిపోయింది. ఇప్పుడు మానేస్తే కట్టిన ఫీజూ, దాని మీద కట్టిన వడ్డీ రెండూ గోదాట్లో కలుస్తాయి. అలాగని పట్టా చేతికి రాగానే ఉద్యోగం వచ్చేస్తుందనీ చెప్పను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీ వాళ్లకి ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) దారి మూసుకుపోయింది, హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ లాంటి పోస్టులే గురి. 2025 మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామకం) 16,347 పోస్టులిచ్చారు. వాటిలో మీ సబ్జెక్టుకి, మీ జిల్లాకి ఎన్ని వచ్చాయో చూసుకున్నాకే కోచింగ్‌కి డబ్బు కట్టండి. అప్పు చేసి అవనిగడ్డ కోచింగ్ సెంటర్లకి బయల్దేరొద్దు. ఈలోపు సాయంత్రం అరుగు మీద ఎనిమిది మంది పిల్లలకి ట్యూషన్ చెప్పండి. తలా 300 అన్నా 2,400. పాపా వాళ్ల పక్కనే పలక పట్టుకుని కూర్చుంటుంది.

సుకన్య ఖాతా పోస్టాఫీసులో 250తో తెరవండి, ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు. ఇప్పుడే నెలకి 1,000 వద్దు. అక్కడొచ్చేది 8.2 శాతం, మీరు కడుతున్నది 24. అప్పు తీరిన నెల నుంచి పెంచుకోండి. ఖాతా తెరిచాక 15 ఏళ్ల పాటు కట్టే వీలుంది, తొందరేం లేదు.

మీ ఆయన రోజూ కరెంటు మోటార్లతో, చెరువు గట్ల మీద బండితో పని. బ్యాంకులో జీవన్ జ్యోతి జీవిత బీమాకి ఏడాదికి 436, సురక్ష ప్రమాద బీమాకి 20. ఒక్కోదానికి రెండు లక్షల కవర్. ఏటా మే నెలాఖరుకి ఖాతాలో ఆ డబ్బులు ఉండేలా చూసుకోండి, లేకపోతే బీమా ఆగిపోతుంది.

బ్యాంకులో డబ్బు చేతికొచ్చిన రోజే నోటు ఇచ్చినాయన దగ్గరికి వెళ్లండి, కొత్త నెల వడ్డీ ఎక్కకముందే. ఇద్దరూ కలిసే వెళ్లండి. డబ్బు ఇచ్చాక అసలు నోటు తిరిగి తీసుకోండి. ‘లోపలెక్కడో ఉందమ్మా, రేపు ఇస్తాలే’ అంటే, చెల్లు రాసి సంతకం పెట్టిన కాగితమైనా చేతిలో పడేదాకా ఆ గుమ్మం దిగకండి.