ప్లాటు అమ్మి ఉద్యోగం కొనొద్దన్నా

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా నాయిన సాగర్ డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోసిండు. నేను 1982లో ఐటీఐ డీజిల్ మెకానిక్ పూర్తి చేసి, నల్లగొండ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో కార్డు చేయించుకున్నాను. కొన్నాళ్లు బావి కాడ పనులు చూసుకున్నా. 1987లో కాల్ లెటర్ వస్తే ఆర్టీసీ డిపోలో శ్రామిక్‌గా చేరి, 2024లో రిటైరయ్యాను. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ 2020లో అయిపోయింది. అప్పటి నుంచి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఏదీ రాలేదు. మార్చి నుంచి పైసలు అడగడం కూడా మానేశాడు. మొన్న మా తమ్ముని కొడుకు హైదరాబాద్‌లో బైక్ టాక్సీ బుక్ చేస్తే నడుపుకుంటూ వచ్చింది మావాడే. ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడు, వాళ్లమ్మతోనే మాట్లాడతాడు. తెలిసినాయన ఒకరు ఆరు లక్షలు పెడితే ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, తర్వాత పర్మినెంట్ అంటున్నాడు. 50 వేలు ఫోన్‌పే చేశాను. నమ్మకానికి ప్లాటు కాగితాలు కూడా ఇచ్చాను. ఇంట్లో చెప్పలేదు. ప్లాటు అమ్మాలా? వీణ్ని దారిలో పెట్టేదెట్లా?

జవాబు: అన్నా, ముందు ప్లాటు సంగతి. అమ్మకండి.

ఔట్‌సోర్సింగ్ అంటే మీ అబ్బాయిని పెట్టుకునేది ఆ ఆఫీసు కాదు, మధ్యలో ఉన్న ఏజెన్సీ. కాంట్రాక్టు గడువు తీరాక మళ్లీ కొనసాగిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ‘తర్వాత పర్మినెంట్’ అన్న మాట ఏ కాగితం మీదా రాసివ్వరు. మీ ఆరు లక్షలకు రశీదూ రాదు. గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లోనే ఇంటర్వ్యూలు ఎత్తేశారు కాబట్టి ‘లోపల మనవాడున్నాడు’ అనేవాడు మార్కులేయించే చోటు కూడా లేదు. మరి పేపర్లు లీక్ కాలేదా అంటారేమో. అయ్యాయి. దాంతో పరీక్షే రద్దయింది, పేపర్ కొన్నవాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు.

ఇంకో మాట. మీ నాయిన కాలంలో పనికి పిలిచే మేస్త్రి ఊళ్లోకొచ్చి కూలీల చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. పాలమూరు కూలీలను ఎక్కడెక్కడి డ్యాములకో అట్లాగే తీసుకుపోయారు. ఆ అడ్వాన్సుతోనే మనుషులను కట్టేసుకున్నారు, అదేమీ ధర్మం కాదు. కానీ పైసలు పనిచ్చేవాడి దగ్గర నుంచి పనిచేసేవాడికి వచ్చేవి. ఇప్పుడు పని కావాలన్నవాడే ఎదురు అడ్వాన్సు ఇవ్వాలట! మీ తెలిసినాయన ఎట్లాంటివాడో ఇక్కడే తేలిపోయింది.

ఇక అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘కొన్నాళ్లు బావి కాడ పనులు చూసుకున్నా.’ ఐటీఐ 1982లో, కాల్ లెటర్ 1987లో. అంటే ఐదేళ్లు. దాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. ఆ ఐదేళ్లూ మిమ్మల్ని ఎవరూ నిరుద్యోగి అనలేదు. కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, మోటారు వేసుకుంటూ, కోతలకు పోతూ ఉన్నారు. పెళ్లిచూపులకు పోతే ‘ఐటీఐ చేసిండు, కార్డుంది, ఇవ్వాళ కాకుంటే రేపు వస్తది’ అంటే సరిపోయేది. మీ అబ్బాయికీ దాదాపు అంతే కాలమైంది. అతని ఐదేళ్లను మాత్రం అందరూ లెక్కపెడుతున్నారు, మీతో సహా.

మీరు నడిచిన దారి అతనికి లేదు. అప్పట్లో ఖాళీలకు పేర్లు ఎక్స్ఛేంజీ నుంచే వెళ్లేవి, సీనియారిటీ ప్రకారం మీ వంతు వచ్చేది. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు ఉద్యోగాల కేసులో, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లనే చూస్తే చాలదు, పేపర్లలో ప్రకటన ఇచ్చి అర్హులందరికీ అవకాశమివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమే. కానీ అప్పటి నుంచి కార్డుకు మునుపటి విలువ లేదు, వంతు అనేది పోయి పోటీ మిగిలింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన జిల్లాల్లో ఇంటికో ఇంజనీరు తయారయ్యాడు. 2023 జులైలో జరిగిన గ్రూప్-4కు ఎనిమిది వేల పైచిలుకు పోస్టులుంటే తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తు చేశారు. గ్రూప్-1 కథ ఇంకా ఘోరం. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు, లీకేజీతో రద్దు. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్‌తో మళ్లీ ప్రిలిమ్స్. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ‘ఐదేళ్లుగా ఏం చేశావురా’ అని మీరడిగితే, అందులో చాలాకాలం పరీక్ష ఎప్పుడుంటుందా అని ఎదురు చూడడంలోనే పోయిందని అతను చెప్పలేక ఊరుకున్నాడేమో.

ప్రైవేటుకు పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి అతని ఫోన్‌లో చూడండి. అప్లై చేస్తే ‘అందింది’ అని మెసేజ్ వస్తుంది, తర్వాత ఏమీ రాదు. వద్దు అని కూడా చెప్పరు. పిలిచిన చోట మొదటి ప్రశ్న, ‘2020 నుంచి గ్యాప్ ఎందుకుంది?’ మీ డిపోలో చేరిన రోజు మిమ్మల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు కదా. బయట కంపెనీవాడు అడుగుతుంటే, ఇంటికొస్తే నాన్నా అదే అడుగుతుంటే అతను ఎవరి దగ్గరికి పోవాలి?

బైక్ విషయం మీకు చిన్నతనంగా అనిపించింది. నాకు వేరేగా అనిపించింది. పైసలు అడగడం మానేశాడని మీరే రాశారు. అంటే రూము కిరాయి, మెస్సు ఖర్చు సొంతంగా చూసుకుంటున్నాడు. పగలు చదివి రాత్రి బండి తోలుతున్నాడేమో. దాచడం తప్పే. చెబితే ఏమవుతుందో మొన్నటి మీ ఫోన్‌తో అతనికి తెలిసొచ్చింది లెండి. మీరు ఆర్టీసీ బస్సు కింద పడుకుని గ్రీజు పూసుకున్న మనిషి, బండి నడిపే పనిని తక్కువగా చూడడం మీకు నప్పదు.

ఇప్పుడేం చేయాలంటే, ఒక ఆదివారం మీరే హైదరాబాద్ వెళ్లండి. తమ్ముని కొడుకును వెంట తీసుకుపోకండి, అతని ముందు మాట్లాడితే పంచాయితీ అవుతుంది. రూములో కూర్చుని మొదటి మాటగా ‘ఆ రోజు ఫోన్‌లో ఎక్కువ అన్నాను’ అనండి. నోటిఫికేషన్ల ఊసు ఆ పూట వద్దు. భోజనమయ్యాక అడగండి, ‘ఇంకెన్నాళ్లు రాద్దామనుకుంటున్నావు?’ అని. గడువు అతని నోటి నుంచే రావాలి, మీరు పెట్టొద్దు. నా అభిప్రాయం అడిగితే, ఏదో ఒక ఉద్యోగంలో ఉంటూ ఇంకొక్క నోటిఫికేషన్ రాయడం మంచిది. కోచింగ్‌లోనే ముప్పై దాటించుకున్నవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఈ మాట.

మీరు నిజంగా సాయపడగలిగేదీ ఒకటుంది. మీతో పనిచేసినవాళ్ల పిల్లల్లో ఎవరో ఒకరు చిట్యాల, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లోనో, జడ్చర్ల పోలేపల్లిలోనో, మీ దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీల్లోనో మెయింటెనెన్సులో ఉండే ఉంటారు. లోపల పనిచేసేవాళ్లు రెఫర్ చేసిన రెజ్యూమెను చాలా కంపెనీలు ముందు చూస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు, దొంగతనమూ కాదు. అయితే అబ్బాయి సరే అన్నాకే ఫోన్లు చేయండి. అతనికి తెలియకుండా పది మందికి రెజ్యూమె పంపితే మళ్లీ మొదటికొస్తుంది.

వాళ్లమ్మను ఒక సంగతి కనుక్కోమనండి. సరిగా తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ‘నేను లేకుంటే మీకు బాగుండు’ లాంటి మాటలేమైనా అంటున్నాడా అని. అంటే తేలిగ్గా తీసుకోకుండా అదే రోజు అతని దగ్గరికి వెళ్లండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. అతనే చేయాలని లేదు, మీరూ చేయొచ్చు.

చివరిగా ఆ 50 వేలు. అబ్బాయి బైక్ సంగతి దాచాడని మీకు కోపమొచ్చింది, మీరూ ఇంట్లో ఒకటి దాచారు. వెళ్లినప్పుడు అది కూడా చెప్పేయండి, అతనికి ఫోన్ వ్యవహారాలు మీకంటే బాగా తెలుసు. ఫోన్‌పే హిస్టరీ స్క్రీన్‌షాట్ తీయించుకోండి, ఆయన పంపిన మెసేజీలేవీ డిలీట్ చేయకండి. డబ్బు వాపసు ఇవ్వమని వాట్సాప్‌లో రాసి అడగండి, ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కానీ వీటన్నిటికంటే ముందు, రేపు పొద్దున్నే వెళ్లి ప్లాటు ఒరిజినల్ కాగితాలు వెనక్కి తెచ్చుకోండి. కొనేవాళ్లు ఒరిజినల్స్ చూడాలన్నారనో, బ్యాంకులో పెట్టాలనో ఏదో ఒకటి చెప్పండి, ఆయనతో వాదనకు మాత్రం దిగకండి.