ఉబియెరా, అబ్రీయా: 'పోయేవాణ్ణి' దగ్గర నేను బోల్తా పడ్డ సంగతి

జరగని పనిని స్పానిష్‌లో చెప్పేటప్పుడు ఉబియెరా ఎక్కడ రావాలి, అబ్రీయా ఎక్కడ రావాలి, ఇంగ్లీషులో నేర్చుకున్న ఇఫ్ వాక్యాలు ఇందుకు పనికొస్తాయా అని మీరు అడిగారు. హనుమకొండలో చాలాకాలం ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పి, నలభై దాటాక స్పానిష్ మొదలుపెట్టినవాణ్ణి కనుక, నాకు ఎదురైన చిక్కులను బట్టే రాస్తున్నాను. ఇంగ్లీషు పనికొస్తుంది కానీ, దానికన్నా ముందు మన తెలుగు క్రియను ఒకసారి తరచి చూసుకోవాలి.

"ఐదు నిమిషాలు ముందు బయలుదేరి ఉంటే కాజీపేటలో రైలు అందేది" అన్న వాక్యాన్నే తీసుకుందాం. ఇంగ్లీషులో ఇది "ఇఫ్ ఐ హ్యాడ్ లెఫ్ట్ ఫైవ్ మినిట్స్ ఎర్లియర్, ఐ వుడ్ హావ్ కాట్ ది ట్రెయిన్" అవుతుంది. స్పానిష్‌లో "సి ఉబియెరా సాలిదో సింకో మినూతోస్ ఆంతెస్, అబ్రీయా అల్కన్సాదో ఎల్ ట్రెన్" అంటారు. హ్యాడ్ ఉన్నచోట ఉబియెరా, వుడ్ హావ్ ఉన్నచోట అబ్రీయా వచ్చాయి. రెండూ అబేర్ అనే సహాయక క్రియ రూపాలే. రాతలో ముందుండే హెచ్‌ను పలకరు. తెలుగులో "-తే" వచ్చే సగంలో అబ్రీయా పెట్టకూడదన్నది ప్రామాణిక స్పానిష్ నియమం. మొదటి నెలల్లో నేను "సి అబ్రీయా సాలిదో" అని పదే పదే అన్నాను. "ఇఫ్ ఐ వుడ్ హావ్ లెఫ్ట్" తప్పని పిల్లలకు దిద్దిన నోటితోనే, మాటల వేగంలో నేనూ అలాగే అంటూ వచ్చానని అప్పుడు తెలిసింది. ఉత్తర స్పెయిన్‌లో, ముఖ్యంగా బాస్క్ ప్రాంతంలో, అక్కడివాళ్ళే కొందరు ఇలా మాట్లాడతారు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

అసలు బోల్తా వేరేచోట పడ్డాను. ఆన్‌లైన్ క్లాసులో చిన్ననాటి ముచ్చట చెబుతూ, "బాపుతో (నాన్నతో) ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాణ్ణి" అనే అర్థంలో "ఇరీయా అల్ మెర్కాదో కోన్ మి పాద్రే" అన్నాను. టీచరమ్మ నవ్వుతూ "మరి అడ్డమేమిటి, వెళ్ళిరండి" అన్నారు. బాపు పోయి అప్పటికే ఏళ్ళయింది. ఆమెకు వినిపించింది "వీలుంటే వెళ్తాను" అని. మన "పోయేవాణ్ణి" రోజూ పోయిన అలవాటునూ చెబుతుంది, "తెలిస్తే పోయేవాణ్ణి" అన్న జరగని పనినీ చెబుతుంది. ఇంగ్లీషు వుడ్ కూడా ఈ రెండు బరువులూ మోస్తుంది. స్పానిష్ వీటిని విడదీస్తుంది: అలవాటుకు ఇబా, షరతుకు ఇరీయా, జరగకుండా పోయినదానికి అబ్రీయా ఇదో. తెలుగు వాక్యం మనసులో మెదలగానే, అది ఈ మూడింటిలో ఏదో తేల్చుకున్నాకే నోరు తెరవాలి.

రూపాలు పెద్ద కష్టం కాదు. ఇర్ (పోవడం) అనే మూలరూపానికి ఈయా చేరితే ఇరీయా. ఆ ఈయా, అబేర్ భూతకాల రూపమైన అబీయా అరిగిపోయి అతుక్కున్న తోక. తెనేర్ (కలిగి ఉండటం) వంటి కొన్ని క్రియలు తెంద్రీయా అని మారతాయి గానీ, భవిష్యత్ కాలంలో తెంద్రే అనడం మీకు వచ్చి ఉంటే అవీ ఒంటబట్టినట్టే. మనకు పోయేవాణ్ణి, పోయేదాన్ని అని తేడా ఉంది కాబట్టి మీరు స్త్రీ అయితే "అబ్రీయా ఇదా" అనాలనిపిస్తుంది. అనకండి, అబేర్ పక్కన ఇదో మారదు.

మాటల మధ్య తడబడితే రెండు సగాల్లోనూ ఉబియెరానే వాడండి. "ఉబియెరా అల్కన్సాదో ఎల్ ట్రెన్" కూడా ఒప్పే.